సమర్థురాలంటే ఎవరు?

పోయిన నెల మా ఆఫీసులో ఒకే రోజు ఇద్దరు రిటైరయ్యారు. ఇద్దరూ సూపరింటెండెంట్లే. ఇద్దరి సర్వీసూ ఇంచుమించు 36 ఏళ్ళు. ఒకరు మగాయన. రెండోవారిని మేమంతా ‘అక్కయ్యగారూ’ అని పిలుస్తాం. పాతికేళ్ళుగా నా పక్క సీటు ఆవిడదే.

శాలువాలు కప్పారు, దండలు వేశారు, స్వీటూ మిక్చరూ పంచారు. ఇక ఉపన్యాసాలు మొదలయ్యాయి. ఆయన గురించి ఒక్కొక్కరూ లేచి చెప్పారు. “చాలా సమర్థుడు. రూల్సన్నీ కంఠతా. ఆయన బల్ల మీద ఫైలు నిలవ ఉండడం మేమెరుగం.” బాగానే ఉంది, నిజమే కూడా.

తర్వాత అక్కయ్యగారి వంతు. “ఆవిడ ఎంతో సమర్థురాలు. ఇటు ఆఫీసూ, అటు ఇల్లూ రెండూ చక్కబెట్టుకుంది. అత్తగారిని పదేళ్ళు మంచంలో చూసుకుంది. పిల్లలిద్దర్నీ ఇంజనీర్లను చేసింది. ఏనాడూ ముఖం చిట్లించలేదు, గొంతు పెంచలేదు” అన్నారు. ఏటా ఆడిట్ వాళ్ళొస్తే వాళ్ళ అభ్యంతరాలన్నిటికీ ఒంటిచేత్తో జవాబులు రాసిందెవరు? అక్కయ్యగారే. ఆ మాట ఒక్కరి నోటా రాలేదు. పక్కనున్న ఆయనకు ఇల్లుందో లేదో, ఆయన పిల్లలు ఏం చదివారో కూడా ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరమే కనబడలేదు!

ఇంటికి వెళ్ళేటప్పుడు ఆటోలో అక్కయ్యగారు నా చెయ్యి పట్టుకుని మెల్లగా అన్నారు. “చూశావుటే! 36 ఏళ్ళ బట్టీ ‘నువ్వు సమర్థురాలివమ్మా’ అంటూనే నా చేత ఎంత చాకిరీ చేయించారో! ఇంట్లో వాళ్ళూ అదే మాట, ఆఫీసులో వాళ్ళూ అదే మాట. ఒక్కసారైనా ‘నాకు చేతకాదు’ అని కూర్చుని ఉంటే ఎంత బాగుండేదో!”

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సమర్థత... ఎంత గౌరవమైన మాట! అదే మాట మగవాడి మెడలో పడితే దండ అవుతుంది, ఆడదాని మెడలో పడితే కాడి ఎలా అవుతోంది?

మాటల్లోనే ఉంది మర్మం

మీరూ ఒక్కసారి ఆలోచించండి. కొడుక్కి ఉద్యోగం వస్తే ‘మావాడు ప్రయోజకుడయ్యాడు’ అని ఊరంతా చెప్పుకుంటాం. కూతురికి అదే ఉద్యోగం, అదే జీతం వచ్చినప్పుడు ‘మా అమ్మాయి ప్రయోజకురాలైంది’ అని ఎవరైనా అనగా విన్నారా? వ్యాకరణం ప్రకారం ఆ మాటలో తప్పేమీ లేదు. అయినా ఎందుకో మన నోట పలకదు. కూతురి దగ్గరికొచ్చేసరికి ‘ఒక ఇంటిదయింది’ అన్నప్పుడే మన గుండెల మీద బరువు దిగుతుంది.

పోనీ, ఆడపిల్ల నిజంగానే పది పనులు చక్కబెట్టుకొచ్చిందనుకోండి. అప్పుడేమంటాం? ‘మగరాయుడమ్మా!’ అంటాం. ‘ఆడపిల్లయినా మగపిల్లాడిలా నిలబడింది’ అని మెచ్చుకుంటాం. అంటే నిలబడడం మగవాళ్ళ సొత్తు, ఈ పిల్ల దాన్ని కాసేపు అరువు తెచ్చుకుందన్నమాట! బేరమాడి తనకు రావలసింది తాను రాబట్టుకుంటే ‘గడుసుది’ అంటాం. గట్టిగా మాట్లాడిందా, ఇక ‘గయ్యాళి’ అని ముద్ర వేసేస్తాం. అదే పని మగవాడు చేస్తే ‘వ్యవహారదక్షుడు’ అని ఎంత పెద్ద బిరుదో!

ఇంకో మాట చెబుతాను, కాస్త ఇబ్బందిగా ఉన్నా వినండి. పల్లెటూళ్ళలో ఆడపిల్ల పెద్దమనిషయితే ‘సమర్తాడింది’ అంటారు. ఈ ‘సమర్త’ అన్న మాట ‘సమర్థ’ నుంచే వచ్చిందని పెద్దలు చెబుతారు. అంటే ఏమిటి? మన ఆడపిల్లను లోకం మొట్టమొదటిసారి సమర్థురాలు అని పిలిచేది ఆమె లెక్కలు బాగా చేసినందుకో, చెరువు ఈదినందుకో కాదు. పిల్లల్ని కనే వయసొచ్చినందుకు! ఆ రోజు పీట మీద కూర్చోబెట్టి, చిమ్మిలి పెట్టి, పేరంటాళ్ళను పిలిచి పండగ చేస్తాం. మర్నాటి నుంచి ‘బయట తిరగకు, గట్టిగా నవ్వకు’ అని ఒక్కొక్క పనీ మాన్పిస్తాం. సమర్థురాలైందని పేరు పెట్టిన రోజునే ఆమె సామర్థ్యాలకు కళ్ళెం వేస్తున్నామన్నమాట. ఎంత విచిత్రం!

ఆ మాటకు దగ్గర చుట్టమే ‘సమర్థించుకోవడం’. మగవాడు సమర్థుడైతే సరిపోతుంది. ఆడది సమర్థురాలై ఉండి కూడా రోజూ తనను తాను సమర్థించుకుంటూ ఉండాలి. ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చినందుకు సంజాయిషీ, పిల్లాడికి మార్కులు తగ్గినందుకు సంజాయిషీ, కూరలో ఉప్పు ఎక్కువైనందుకు సంజాయిషీ!

‘నాకు చేతకాదు’ అనే దర్జా

ఇక ‘చేతకాదు’ అన్న మాట సంగతి చూద్దాం. ఈ మాట మగవాడి నోట వస్తే ఒక అర్థం, ఆడదాని మీద పడితే ఇంకో అర్థం.

మా వారు ఇంజనీరు. బోరు మోటారు కాలిపోతే విప్పి చూసి ఎక్కడ పోయిందో ఇట్టే చెప్పగలరు. కానీ పెళ్ళయిన పాతికేళ్ళ వరకూ మా వంటింట్లో కందిపప్పు డబ్బా ఎక్కడుందో ఆయనకు తెలియదు. చుట్టాలొచ్చినప్పుడు ‘నాకు కాఫీ కలపడం కూడా చేతకాదండీ’ అని నవ్వుతూ చెప్పేవారు. వాళ్ళూ నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని. ఆ చేతకానితనంలో ఎంత దర్జా! అదే నేను ‘నాకు వంట చేతకాదండీ’ అని ఉంటే ఆ చుట్టాల ముఖాలు ఎలా ఉండేవో మీరే ఊహించుకోండి. మా అమ్మ పెంపకం దాకా వెళ్ళి ఉండేది ఆ మాట.

2020లో కరోనా వచ్చినప్పుడు నాకు జ్వరం తగిలింది. గదిలో ఒక్కదాన్నే పడుకోవాల్సి వచ్చింది. పనమ్మాయి లేదు, హోటళ్ళు లేవు. మా వారు తలుపవతల నిలబడి ‘ఎసట్లో నీళ్ళెన్ని పొయ్యాలి?’ అని అడిగేవారు. మొదటి రోజు అన్నం మాడింది, రెండో రోజు జావైంది. వారం తిరిగేసరికి చారు కుదిరింది. నేను లేచి తిరిగే వేళకు వంకాయ కూర కూడా వచ్చేసింది. నిజం చెప్పొద్దూ, ఆ చారు నా చారు కంటే బాగుంది!

అప్పుడు నాకో సంగతి తట్టింది. పాతికేళ్ళుగా ఆయనకు లేనిది సామర్థ్యం కాదు. అవసరం లేదు, అంతే. నాకు పుట్టుకతో వచ్చింది కూడా సామర్థ్యం కాదు. పదకొండో ఏట నుంచి తప్పించుకునే దారి లేకపోవడం! ‘ఆడవాళ్ళకు వంట సహజంగా వస్తుంది’ అంటారు కానీ, మా అమ్మ చేతి మొట్టికాయలు తిన్న నా నెత్తికి తెలుసు అది ఎంత సహజంగా వచ్చిందో!

పోతే, ‘చేతనవడం’ అన్న మాటలోనే చెయ్యి ఉంది చూశారా? చెయ్యి పెడితేనే చేతనవుతుంది. పెట్టనివ్వకపోతే ఎవరికైనా, ఎన్నేళ్ళైనా చేతకాదు. బండి తాళాలు కొడుక్కిచ్చి, కూతుర్ని వెనక కూర్చోబెట్టి, ‘మా అమ్మాయికి డ్రైవింగ్ రాదండీ’ అంటే ఎలా? తీరా నేర్చుకుని రోడ్డెక్కాక ఎక్కడో కాస్త రాసుకుందనుకోండి, ‘ఆడవాళ్ళ డ్రైవింగింతే’ అంటారు. మగవాడు గుద్దితే అది ఆ ఒక్కడి పొరపాటు. ఆడది గుద్దితే అది ఆడజాతి మొత్తం పొరపాటు! తప్పులు చేసే హక్కు లేనివాళ్ళు ఏ విద్యయినా ఎలా నేర్చుకుంటారు?

మా అమ్మ సంతకం

ఇంతవరకూ ఊరందరి గురించీ చెప్పాను. ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. అసలీ వ్యాసం రాయాలనిపించింది కూడా అందుకే.

మా నాన్నగారు 2011లో పోయారు. అప్పటికి అమ్మకు 66 ఏళ్ళు. ఎనిమిదో తరగతి దాకా చదివింది. ఆ 66 ఏళ్ళలో అమ్మ ఏనాడూ బ్యాంకు గుమ్మం తొక్కలేదు. నాన్నగారు చెడ్డవారేం కాదు. ‘నీకెందుకే ఈ గొడవలన్నీ, నీకు చేతకావులే’ అనేవారు, ప్రేమగానే. అమ్మ కూడా అలాగే అనుకునేది. ఎవరేమడిగినా ‘నాకేం తెలుసమ్మా’ అనడం ఆవిడకు అలవాటు.

మరి అమ్మ చేసిన పనులేమిటి? గుమాస్తా జీతంలో నలుగురు పిల్లల్ని చదివించింది. వీధిలో ఆడవాళ్ళందరి చేతా చీటీలు కట్టించి, ఎవరు పాడారో, ఎవరికి ఎంత బాకీయో కాగితం మీద గీత లేకుండా నెలనెలా అప్పజెప్పింది. ఏడాదికి సరిపడా కారం, చింతపండు, ఆవకాయ ఎండల్లోనే లెక్కకట్టి పెట్టింది. రెండు పెళ్ళిళ్ళకు వంటవాళ్ళతో బేరమాడి, మిగిలిన బియ్యం మళ్ళీ కొట్టువాడికే అమ్మింది. ఈ పని ఒక కంపెనీలో చేస్తే పెద్ద హోదా, ఏసీ గది ఉండేవి. మేము మాత్రం ‘అమ్మకు ఓపికెక్కువ’ అనుకున్నాం. ఆడదాని సమర్థతకు మనం పెట్టే మారుపేర్లలో ‘ఓపిక’ మొదటిది.

నాన్నగారు పోయిన మరుసటి ఏడు మా అన్నయ్యలిద్దరూ ఇల్లు అపార్ట్‌మెంటుకు ఇద్దామన్నారు. బిల్డరు కాగితాలు తయారుచేసుకొచ్చాడు. ఇల్లు నాన్నగారి స్వార్జితం. ఆయన వీలునామా రాయలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకూ, కొడుకులకూ, కూతుళ్ళకూ తలా ఒక సమాన భాగం. అంటే మా నలుగురితోపాటు అమ్మదీ ఒక వాటా. కానీ మాట్లాడుకున్నదంతా అన్నయ్యలూ, బిల్డరూ, మా వారూ. అమ్మ లోపల కాఫీలు కలుపుతోంది. చివర్లో ‘అమ్మా, ఇక్కడ సంతకం పెట్టు’ అని పెన్ను చేతికిచ్చారు.

అమ్మ కాగితాలు తీసుకుని, “చదివి పెడతాను” అంది.

అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ నన్ను ముల్లులా గుచ్చుతుంది. “అమ్మా, అదంతా లాయరు భాష, నీకర్థం కాదు. అన్నయ్యలు చూసుకున్నారు కదా, పెట్టెయ్యి” అన్నాను. డిగ్రీ చదివి, ఉద్యోగం చేస్తూ, ఆఫీసులో ఆడవాళ్ళ హక్కుల గురించి గంటలు గంటలు మాట్లాడే నేను!

అమ్మ నా వంక చూసింది. కోప్పడలేదు. “అర్థం కాకపోతే మళ్ళీ చదువుతాను” అంది.

నాలుగు రోజులు చదివింది. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే కళ్ళజోడు పెట్టుకుని, వేలు వరసల మీద ఆనించి, పదం పదం కూడబలుక్కుంటూ. ఐదో రోజు అన్నయ్యను పిలిచి అడిగింది. “ఒరే, దొడ్డివైపు గోడ మనదొక్కళ్ళదే అని రాశారేమిటి? అది పక్కవాళ్ళూ మనమూ కలిసి కట్టిన గోడ కదా! మీ నాన్న, వాళ్ళాయన సంతకాలు చేసుకున్న కాగితం నా పెట్టెలో ఉంది. కొలతల్లో ఆ జాగా అంతా మనకే వేసేశారు. రేపు వాళ్ళు కోర్టుకెక్కితే?”

బిల్డరు కంగుతిన్నాడు. కాగితాలు మళ్ళీ రాశారు. అమ్మ ఇంకొక్క మాట కూడా రాయించింది. తన వాటా ఫ్లాటు తన పేరునే ఉండాలని.

ఆ రోజు అందరూ అమ్మను మెచ్చుకున్నారు. ఏమని? “అమ్మకు జ్ఞాపకశక్తి ఎంతో!” అని. చూశారా, ఇంకో మారుపేరు! అదే నాన్నగారు పట్టుకుని ఉంటే ‘ఆయన ముందుచూపే ముందుచూపు’ అని ఉండేవాళ్ళం.

మన దేశంలో ఒప్పందం చేసుకునేందుకు ఎవరు తగినవారో 1872 నాటి కాంట్రాక్టు చట్టం చెబుతుంది. మేజరై ఉండాలి, మతి స్థిమితంగా ఉండాలి, ఏ చట్టమూ అనర్హులని చెప్పి ఉండకూడదు. ఆడా మగా అన్న ఊసే లేదు, చదువు ఊసూ లేదు. ఆ లెక్కన మా అమ్మ పెళ్ళినాటికి కాకపోయినా నా పుట్టుకనాటికి సమర్థురాలే. చట్టం ఒప్పుకున్నా కడుపున పుట్టిన కూతురు ఒప్పుకోవడానికి అన్నేళ్ళు పట్టింది.

గడప దాటినా అదే గొడవ

ఇది మన ఇళ్ళలోని గొడవే అనుకుంటే పొరపాటు. పెద్ద పెద్ద కొలువుల్లోనూ ఇదే కథ నడిచింది.

కొడగుకు చెందిన సి.బి. ముత్తమ్మ 1949లో ఇండియన్ ఫారిన్ సర్వీసులో చేరారు. ఆ సర్వీసులో చేరిన మొదటి మహిళ ఆవిడే. మగవాళ్ళతో సమానంగా పరీక్ష రాసి నెగ్గిన మనిషి. అయినా ఆ సర్వీసు నిబంధనల్లో ఒకటుండేది. ఆడ అధికారి పెళ్ళి చేసుకోవాలంటే ముందుగా ప్రభుత్వం నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. పెళ్ళయ్యాక సంసార బాధ్యతల వల్ల విధుల్ని సమర్థంగా నిర్వహించలేదని ప్రభుత్వానికి తోస్తే రాజీనామా చెయ్యమనవచ్చు! పదోన్నతిలో తనకు అన్యాయం జరిగిందని ముత్తమ్మ సుప్రీంకోర్టుకెక్కారు. కేసు నడుస్తుండగానే ఆవిడకు పదోన్నతి వచ్చింది. 1979లో తీర్పు చెబుతూ జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఈ నిబంధనను తీవ్రంగా తప్పుపట్టారు. సంసారం ఆడ అధికారి విధులకు అడ్డొస్తుందంటే మగ అధికారి విధులకు మాత్రం అడ్డురాదా అన్నది ఆయన వాదం. ఎంత సూటి మాట! మా ఆఫీసు వీడ్కోలు సభలో ఎవరూ అడగని ప్రశ్న అదే కదా!

అదంతా పాతకాలం అంటారా? సైన్యంలో ఆడ అధికారులకు పర్మనెంట్ కమిషన్ కేసు మొన్నమొన్నటిది. 2020 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆడవాళ్ళకు నాయకత్వం ఇవ్వకపోవడానికి ప్రభుత్వం చెప్పిన కారణాలేమిటో తెలుసా? శరీర తత్వం, పిల్లలు, సంసారం సరే... పల్లెటూళ్ళ నుంచి వచ్చిన మగ సైనికులు ఆడ అధికారి ఆజ్ఞలను స్వీకరించేందుకు ఇంకా సిద్ధంగా లేరని కూడా చెప్పారు. కోర్టు ఒప్పుకోలేదు. కాస్త నిదానంగా చూడండి. ఆజ్ఞ తీసుకోవడం చేతకానిది ఎవరికి? మగ సైనికులకట! అసమర్థులని ముద్ర పడింది ఎవరికి? ఆడ అధికారులకు!

మన ఊళ్ళ పంచాయతీల సంగతి చెప్పనే అక్కర్లేదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. ఆడవాళ్ళకు మూడింట ఒక వంతు స్థానాలకు తగ్గకుండా కేటాయించమంది. తర్వాత మన తెలుగు రాష్ట్రాల్లో అది సగం అయింది. మొదట్నుంచీ ఒకటే మాట. “వీళ్ళకేం తెలుసండీ, వెనకనుంచి మొగుళ్ళే నడుపుతారు.” నడిపిన చోట్లు ఉన్నాయి, కాదనను. కానీ మొదటిసారి సర్పంచి అయిన మగవాడు గ్రామసభ తీర్మానం రాయడం అమ్మ కడుపులోనే నేర్చుకుని వచ్చాడా? అతనికి కార్యదర్శి చెప్పాడు, నేర్చుకున్నాడు. ఆమెకు చెప్పేవాళ్ళేరీ? ఫైలు ఆమె చేతికి వెళ్ళకుండా ఆయన చేతికి వెళ్తుంటే చేతనవడం ఎప్పటికి?

చెయ్యి పెట్టనిస్తే ఏమవుతుందో నెల్లూరు జిల్లా దూబగుంట చూపించింది. 1990ల మొదట్లో ఆ జిల్లాలో అక్షరాస్యత తరగతులు నడిచాయి. పగలంతా కూలికెళ్ళి, రాత్రిపూట పలక పట్టుకుని కూర్చున్నారు ఆడవాళ్ళు. చదువుకున్న పాఠాల్లో సారా వల్ల చితికిపోయిన తమలాంటి సంసారాల కథ కనబడింది. 1992లో దూబగుంట రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్ళు ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపించారు. ఆ నిప్పు జిల్లాలు దాటి పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చింది. దాన్ని 1997లో సడలించారు, అది వేరే సంగతి. నేను చెప్పేదేమిటంటే, అప్పటిదాకా లోకం దృష్టిలో వాళ్ళు ‘ఏమీ చేతకాని’ ఆడకూలీలు. ఏ పెద్ద చదువులూ వాళ్ళను సమర్థులను చెయ్యలేదు. నాలుగు అక్షరాలు, పక్కన నిలబడే పదిమంది, ముందుకు వెయ్యనిచ్చిన ఒక అడుగు. అంతే!

అలాగని సమర్థత అక్కర్లేదా?

ఇదంతా చదివి ‘ఆడదైతే చాలు, చేతనైనా కాకపోయినా పదవులిచ్చెయ్యమంటారా?’ అని కొందరు అడగవచ్చు. లేదండీ. నా కంటికి ఆపరేషన్ చేసే డాక్టరు, నేనెక్కిన బస్సు నడిపే డ్రైవరు, ఆడైనా మగైనా పని బాగా వచ్చినవాళ్ళే కావాలి నాకు. సమర్థత చాలా పెద్ద విలువ. అంత పెద్దది కాబట్టే దాన్ని సరిగ్గా తూచమంటున్నాను. ఆడదానికో తరాజు, మగవాడికో తరాజు వద్దంటున్నాను.

ఇంకో ప్రమాదం కూడా చెప్పాలి. ఇప్పటి ఆడపిల్లలను ‘నువ్వు అన్నీ చెయ్యగలవు’ అని తెగ మెచ్చుకుంటున్నారు. మంచిదే. కానీ ‘చెయ్యగలవు’ అనే మాట ఎక్కడ ‘చెయ్యాలి’గా మారిపోతోందో కనిపెట్టి ఉండాలి. మా అమ్మాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. వాళ్ళత్తగారు మంచావిడే. “మా కోడలు చాలా సమర్థురాలు వదినగారూ, ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తూ వంట కూడా చేసేస్తుంది” అని నాతో మురిసిపోతూ చెప్పారు. నాకు వెంటనే ఆటోలో అక్కయ్యగారి ముఖం గుర్తొచ్చింది. “మా అల్లుడుగారూ ఇంట్లోంచే కదా చేసేది? ఆయనా సమర్థులే వదినగారూ, ఒక పూట ఆయన్నీ చెయ్యనివ్వండి” అన్నాను నవ్వుతూ. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆవిడా నవ్వారు.

సమర్థురాలంటే అన్ని బరువులూ మోసేది కాదు. ఏ బరువు తనదో, ఏది కాదో చెప్పగలగడం కూడా సమర్థతే. ‘ఇది నావల్ల కాదు’ అని సిగ్గుపడకుండా అనగలగడం కూడా!

అందుకే ఈ మధ్య మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. ‘చేతకాదు’ అనే మాట వాడకూడదు. ‘ఇంకా నేర్చుకోలేదు’ అనాలి. చెప్పి చూడండి, రెండింటికీ ఎంత తేడా ఉందో! మొదటిది తలుపు మూసేస్తుంది. రెండోది ఓరగా తెరిచి ఉంచుతుంది. మా అబ్బాయి పప్పుచారు దాకా వచ్చాడు. నేను ఇన్‌కంటాక్స్ రిటర్ను సొంతంగా వేసుకోవడం మొదలుపెట్టాను. ఇన్నాళ్ళూ అది ‘మా వారు చూసుకునే’ పని.

ఇక అమ్మ. ఇప్పుడావిడకు ఎనభై దాటాయి. తన ఫ్లాటు అద్దె తన ఖాతాలోనే పడుతుంది. మొన్న వెళ్ళినప్పుడు బ్యాంకుకు నేనూ తోడు వెళ్ళాను. కౌంటర్లో కుర్రాడు ఫారం నా వైపు తోసి, “మామ్మగారి చేత ఇక్కడ సంతకం పెట్టించండి మేడమ్” అన్నాడు.

పెన్ను నా చేతిలో ఉంది. ఆ ఫారాన్ని నేను అమ్మ ముందుకు జరిపాను. “ఆవిణ్ణే అడగండి బాబూ. చదవకుండా ఆవిడ సంతకం పెట్టదు” అన్నాను.

అమ్మ కళ్ళజోడు తీసి, చీర చెంగుతో తుడుచుకుని పెట్టుకుంది. వెనక క్యూలో ఎవరో విసుక్కుంటున్నారు. అమ్మ పట్టించుకోలేదు. వేలు వరస మీద పెట్టి చదవడం మొదలుపెట్టింది. నేను పక్కన నిలబడ్డాను, తొందరపెట్టకుండా.